ఎడారిలో నీటి జాడలు వెదకిన గురువు – ఫాదర్ కీనో

ఎడారిలో పయనించే వారికి దారి అంటే నీరే. ఒక నీటిచోటు నుండి మరో నీటిచోటుకు ఎంత దూరమో తెలిసినవాడు గమ్యం చేరతాడు, తెలియనివాడు మధ్యలోనే కూలిపోతాడు. అమెరికాలోని అరిజోనా, మెక్సికోలోని సొనోరా రాష్ట్రాల సరిహద్దు వెంట అటువంటి బాట ఒకటి ఉంది. స్పానిషు భాషలో దానికి దయ్యపు బాట అని అర్థమిచ్చే పేరు. సొనోయ్టా ఊరి నుండి కొలరాడో నది ఒడ్డున ఉన్న యూమా వరకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ దూరంలో చాలావరకు పారే ఏరు లేదు. స్థానిక ప్రజలు తరతరాలుగా ఎరిగిన ఈ దారిలో పలుమార్లు పయనించి, దాని వివరాలు వ్రాసి, పటాలలో చూపినవారు యేసు సభ గురువు ఎవుసేబియో ఫ్రాన్సిస్కో కీనో.

ఆయన 1645 ఆగస్టు 10న నేటి ఇటలీలోని ట్రెంట్ పట్టణం దగ్గర సెగ్నో అనే కొండపల్లెలో జన్మించారు. 1663లో చదువుకునే రోజుల్లో ప్రాణం మీదికి వచ్చిన జబ్బు చేసింది. తాను బ్రతికితే యేసు సభలో చేరి దూరదేశాలలో వేదసేవ చేస్తానని పునీత ఫ్రాన్సిస్ శౌరి వారికి మ్రొక్కుకున్నారు. కోలుకున్నాక ఆ పునీతుని పేరును తన పేరుతో కలుపుకొని, 1665లో సభలో చేరారు. గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ దిట్ట. జర్మనీలో విశ్వవిద్యాలయ ఉపాధ్యాయ పదవి చేతికి అందినా వద్దన్నారు. ఆయన మనసంతా చైనా మీదే. కాని ఫిలిప్పీన్సుకు ఒకరు, మెక్సికోకు ఒకరు వెళ్ళవలసి వచ్చినప్పుడు చీటీలు వేశారు. కీనో గారికి మెక్సికో వచ్చింది. కోరుకున్న తూర్పు దిక్కు దక్కలేదు. దక్కిన పడమటి దిక్కుకే తన జీవితమంతా ఇచ్చారు.

1681లో మెక్సికో చేరారు. 1683లో దిగువ కాలిఫోర్నియాకు వెళ్ళిన దండుతో పాటు ఆయన కూడా వెళ్ళి, ఆ ఎండు కొండలను దాటి పసిఫిక్ సముద్రతీరం చూసి వచ్చారు. కాని వానలు కురవక, పంటలు పండక 1685లో ఆ స్థావరాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. ఎంత గట్టి సంకల్పమున్నా అన్నం, నీరు ముందుగా ఏర్పాటు కాకపోతే ఎడారిలో ఏ పనీ నిలవదన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసివచ్చింది.

1687 మార్చిలో సొనోరా ఉత్తరాన పీమా ప్రజల నడుమ వ్యాకులమాత పేరిట దొలోరెస్ మిషను స్థాపించారు. అక్కడికి వెళ్ళేముందే ఒక పని చేశారు. కొత్తగా జ్ఞానస్నానం పొందినవారిని వెండి గనులలో వెట్టిచాకిరికి ఈడ్చుకుపోకుండా అధికారుల నుండి రక్షణ కోరారు. 1686లో వెలువడిన రాజాజ్ఞ ప్రకారం 20 ఏళ్ళపాటు వారిని ఆ చాకిరికి పంపకూడదు. ఆ కాగితాన్ని వెంట పెట్టుకొని ఆయన పీమాల దగ్గరకు వెళ్ళారు.

దొలోరెస్ నుండి ఆయన యాభైకి పైగా ప్రయాణాలు చేశారు. ఎక్కువగా గుర్రం మీద, రాతి కొండలలో కాలినడకన. ఆ ప్రయాణాల ఏర్పాటు గమనించదగినది. మొదటిది కాలం. దూరప్రయాణాలను వేసవి మంటల్లో పెట్టుకోక, సాధారణంగా శరదృతువుకూ వసంతానికీ మధ్య సాగించేవారు. రెండవది తోడు. ఏ కొండ సందులో ఏ నెలదాకా నీరు నిలుస్తుందో అక్కడివారికే తెలుసు గనుక వారినే దారి చూపమని అడిగేవారు. మూడవది ఆహారం. ముందుగానే ఊరూరా పశువుల మందలు పెంచి, గోధుమ, మొక్కజొన్న పండించే ఏర్పాటు చేశారు. దయ్యపు బాట మొదట్లో ఉన్న సొనోయ్టాలో తిండి, నీరు, మార్చుకోవడానికి గుర్రాలు సిద్ధంగా ఉండేవి. మన ఊళ్ళలో ఎండాకాలం పెట్టే చలివేంద్రం వంటిదే అది. నాలుగవది లెక్క. నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరంతో చోటు గుర్తించి, దూరాలు వ్రాసుకునేవారు.

ఈ బాటలో నీరు చాలావరకు రాతి తొట్టెలలోనే దొరుకుతుంది. తినాహాస్ ఆల్టాస్ అనే చోట రాతి వాలు మీద ఒకదానిపై ఒకటిగా గుంటలున్నాయి. వాన నీరు వాటిలో నిలుస్తుంది. క్రింది గుంట ఎండితే పై గుంటకు ఎక్కాలి. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం ఈ దారిన పరుగెత్తినవారిలో ఎందరో దాహంతో మరణించారు. పైకి ఎక్కే శక్తి లేక నీటి క్రిందనే ప్రాణాలు విడిచినవారు కూడా ఉన్నారని చెబుతారు.

1695లో పెద్ద కష్టం వచ్చింది. కబోర్కాలో యువ గురువు ఫాదర్ సయేటాను తిరుగుబాటుదారులు చంపారు. తరువాత శాంతి కోసం నిరాయుధులై వచ్చిన పీమాలను స్పానిషు సైనికులు ఊచకోత కోశారు. దాదాపు యాభై మంది చనిపోయారు. వారిలో నిర్దోషులు ఎందరో. ప్రజలు కోపంతో మిషనులను తగులబెట్టారు. కీనో గారు దొలోరెస్ విడిచిపోలేదు. శాంతి కుదిరాక, సుమారు 2,400 కిలోమీటర్ల దూరంలోని మెక్సికో నగరానికి ఏడు వారాలపైన గుర్రం మీద పయనించి, అధికారుల ఎదుట పీమాల పక్షాన మాట్లాడారు.

ఆ రోజుల్లో కాలిఫోర్నియా ఒక దీవి అని చాలా పటాలు చూపేవి. 1699లో గీలా నది దగ్గర ప్రజలు ఆయనకు నీలం రంగు గుల్లలు కానుకగా ఇచ్చారు. అటువంటివి ఆయన పసిఫిక్ తీరంలోనే చూశారు. అవి సముద్రం దాటి కాక నేల మీదుగానే వచ్చి ఉండాలని ఊహించారు. 1701లో ఫాదర్ సాల్వతియెర్రాతో కలిసి, లొరెటో మాత పటం వెంట ఉంచుకొని బయలుదేరితే ఇసుక దిబ్బలు అడ్డుపడ్డాయి. అదే ఏడాది నవంబరులో తెప్ప మీద కొలరాడో నది దాటారు. 1702లో ఆ నది సముద్రంలో కలిసే చోటు చూశారు. ఆ ప్రయాణంలో తోడు వచ్చిన ఫాదర్ గొన్సాలెస్ జబ్బుపడి, తిరుగుదారిలో కన్నుమూశారు. కీనో గారి పటం 1705లో పారిస్‌లో, యేసు సభ గురువుల లేఖల సంపుటాలలో అచ్చయింది. మన కర్ణాటక మిషను గురువుల ఉత్తరాలు కూడా ఆ సంపుటాలలోనే వెలువడ్డాయి.

1711 మార్చి 15న మగ్దలేనాలో, తాను మ్రొక్కుకున్న పునీత ఫ్రాన్సిస్ శౌరి పేరిట కట్టిన చిన్న గుడి ప్రతిష్ఠకు వెళ్ళినప్పుడు ఆయన ప్రభువును చేరుకున్నారు. వేలాది పశువులను పెంచి ప్రజలకు పంచిన ఆ గురువుకు చివరి పడక రెండు దూడ చర్మాలు. తలగడ గుర్రపు జీను. 1966లో ఆయన అస్థికలు అక్కడే బయటపడ్డాయి. 2020 జూలైలో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయన వీరోచిత సుగుణాలను గుర్తించి పూజ్యులుగా ప్రకటింపజేశారు.

ఆ ఎడారి నేటికీ మారలేదు. నేడు అక్కడికి వెళ్ళే యాత్రికులు అనుమతిపత్రం తీసుకొని, త్రాగేనీరంతా తమ వెంటే మోసుకుపోవాలి. 2001 మే నెలలో బ్రతుకుతెరువు కోసం సరిహద్దు దాటిన మెక్సికో వారు 14 మంది ఆ ప్రాంతంలో దాహంతో చనిపోయారు. దారి చూపుతామన్నవారు వారిని విడిచిపోయారు. దారి చూపేవాడు ముందుగా నీరు చూసి పెట్టాలి. తన వెంట వచ్చేవారి దాహం తన దాహం కావాలి. కీనో గారి జీవితం మనకు చెప్పేది అదే. ఈ వేసవిలో మన వాకిట నిలిచే ప్రతి బాటసారికీ ఒక చెంబు చల్లని నీరు అందిద్దాం.