గడ్డి, ఎద్దు, గాడిద: అస్సీసి ఫ్రాన్సిస్ గారి క్రిస్మస్



క్రిస్మస్ దగ్గరపడింది. రూముల్లో అట్టపెట్టెలు కోసి పశువుల పాక కడుతున్నారు కదా మీరు. ఒకప్పుడు నేను అది చూసి, ఇదేం బొమ్మలాట అని విసుక్కునేవాణ్ణి. దాన్ని జనంలోకి తెచ్చినాయన బతుకు తెలిశాక నా నోరు మూతపడింది.

ఇటలీ దేశంలో అస్సీసి అనే ఊరు. 1181 ప్రాంతంలో ఫ్రాన్సిస్ అక్కడ పుట్టాడు. తండ్రి బట్టల వ్యాపారి, డబ్బున్నోడు. కొడుకేమో స్నేహితులతో విందులు, పాటలు. పక్కనున్న పెరూజియా పట్టణంతో యుద్ధానికి పోయి, పట్టుబడి, ఏడాది దాకా చెరసాలలో మగ్గాడు. తిరిగొచ్చి జబ్బుపడ్డాడు. లేచాక పాత విందులు రుచించలేదు.

ఊరి బయట పాడుబడిన ఒక గుడి. అందులో చెక్క మీద రంగులతో వేసిన సిలువ. దాని ముందు మోకాళ్లూని ఉండగా, తన మందిరాన్ని బాగుచేయమని ప్రభువు పిలిచినట్టు ఆయనకు తోచింది. వెంటనే తండ్రి కొట్లో బట్టలు తీసుకుపోయి అమ్మేశాడు! అడగకుండా అమ్మడం నేను మెచ్చుకోను. కష్టపడి ఇంటికి పైసలు పంపే మీకు ఆ తండ్రి కోపం అర్థమవుతుంది. పంచాయతీ బిషప్ గారి దాకా పోయింది. ఫ్రాన్సిస్ డబ్బు తిరిగిచ్చి, ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టేశాడు. అప్పట్నుంచి బీదవాడే.

1219లో ఐగుప్తులో యుద్ధం జరుగుతుంటే, ఆయుధం లేకుండా సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. సుల్తాన్ మర్యాద చేసి క్షేమంగా పంపాడు.

ఇక 1223. గ్రెచ్చో అనే కొండ ఊరు. గుడిలో చదివేది లాటిన్. పశువులు కాసేవాళ్లకు, పొలం దున్నేవాళ్లకు అది ఎంత అర్థమవుతుంది చెప్పండి? అరబీ కాగితం మీద సంతకం పెట్టిన రోజు గుర్తు తెచ్చుకోండి. పండగకు రెండు వారాల ముందే ఫ్రాన్సిస్ గారు జొవాన్ని అనే మిత్రుడికి కబురు పెట్టి, కొండ గుహలో తొట్టి, గడ్డి, నిజమైన ఎద్దు, గాడిద సిద్ధం చేయించాడు. బంగారం లేదు, పట్టు లేదు. ఆ రాత్రి చుట్టుపక్కల జనం దివిటీలు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కారు. తొట్టి దగ్గరే ఆరాధన. ఆయన పాదిరి కాదు, డీకన్ మాత్రమే. సువార్త పాడి, బేత్లెహేములో పుట్టిన బీద రాజు గురించి బోధించాడు. వాళ్ల కొట్టంలో రోజూ చూసే గడ్డి మీదికి దేవుడొచ్చాడని వాళ్లకు కళ్లకు కట్టింది.

తర్వాత చూపు దాదాపు పోయింది. ఆ బాధలోనే సూర్యుడి కోసం, నీళ్ల కోసం దేవుణ్ణి స్తుతిస్తూ తన ఊరి భాషలో పాట కట్టాడు. 1226 అక్టోబర్ 3న, తన కోరిక ప్రకారం వట్టి నేల మీద పడుకుని కన్నుమూశాడు.

ఒకటి మరిచాను. ఆ తొట్టిలోని గడ్డిని ఊరోళ్లు పారేయలేదట. దాచుకుని, జబ్బుపడిన పశువులకు పెట్టుకున్నారని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెప్పారు.

వచ్చే శుక్రవారం మరొకరి జీవితం పంపుతాను.