దుర్గాబాయమ్మ రెండు పెళ్లిళ్లు, మధ్యలో మారిన చట్టం



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితానికి ఒక వ్యాసం ఉండాలని నాకు అప్పగించారు. నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఎంచుకున్నాను. స్వాతంత్ర్య సమరయోధురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అని పోటీ పరీక్షల పుస్తకాల్లో అందరం చదివే ఉంటాం. ఆమె పెళ్లి సంగతి మాత్రం ఆ పుస్తకాల్లో ఒక్క లైనుకు మించి ఉండదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ ఒక్క లైనే.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. వరుడు సుబ్బారావు గారు, కలిగిన కుటుంబం. ఆ రోజుల్లో అది వింత కాదు, నేరమూ కాదు. పెళ్లికి కనీస వయసు పెట్టిన శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. అందులోనూ ఆడపిల్లకు పెట్టిన వయసు 14 ఏళ్లే.

కాపురానికి పంపే వయసు వచ్చేసరికి దుర్గాబాయి గారికి సుమారు పదిహేనేళ్లు. అప్పటికే ఆమె ఇంట్లో కూర్చునే పిల్ల కాదు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలను ఆయన సభకు రప్పించడానికి తిరిగింది. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. ఆ పిల్ల భర్తతో సూటిగా మాట్లాడింది. నేను మీకు తగిన భార్యను కాలేను, మీరు వేరే పెళ్లి చేసుకోండి అన్నది ఆమె మాటల సారాంశం. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. సుబ్బారావు గారు కూడా పేచీ పెట్టలేదు. తర్వాత ఆయన మరో పెళ్లి చేసుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. అది విడాకులు కాదు. అప్పటి హిందూ చట్టంలో విడాకులు అనే మాటే లేదు. మగవాడు ఒక భార్య ఉండగా మరొకరిని చేసుకోవచ్చు. ఆడమనిషి చేసుకోకూడదు. అంటే సుబ్బారావు గారు మళ్లీ పెళ్లి చేసుకుని సంసారం పెట్టుకున్నా, చట్టం లెక్కలో దుర్గాబాయి గారు ఆయన భార్యగానే మిగిలిపోయారు. ఆయన మొండికేసి ఉంటే కోర్టుకు వెళ్లి భార్యను కాపురానికి పంపమని దావా వేసే వీలుంది. బొంబాయిలో రఖ్మాబాయి అనే ఆమెకు సరిగ్గా అదే జరిగింది. పదకొండేళ్లకు చేసిన పెళ్లిని ఆమె పెద్దయ్యాక ఒప్పుకోలేదు. భర్త దావా వేశాడు. కాపురానికైనా వెళ్లు, లేదా ఆరు నెలలు జైలుకైనా వెళ్లు అని 1887లో కోర్టు తీర్పిచ్చింది. ఆమె జైలుకే సిద్ధపడింది. చివరికి 1888లో రెండు వేల రూపాయలు చెల్లించి రాజీ చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆమె లండన్‌లో చదివి డాక్టరయ్యారు.

కాబట్టి దుర్గాబాయి గారికి దొరికిన విడుదల చట్టం ఇచ్చింది కాదు. మంచి తండ్రి, మంచి తమ్ముడు, పంతానికి పోని భర్త ఇచ్చింది. ఈ ముగ్గురిలో ఒక్కరు అడ్డం తిరిగినా కథ వేరేగా ఉండేది. మంచివాళ్లు దొరకని ఆడపిల్ల సంగతేమిటి? ఆమె తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచిందని నాకు అనిపిస్తుంది.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. మదురైలో ఒంటరి ఖైదు కూడా అనుభవించారు. జైల్లో తోటి ఖైదీలుగా చదువురాని ఆడవాళ్లు కనిపించారు. తమ మీద పెట్టిన కేసేమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలియక శిక్షపడి వచ్చినవాళ్లు. వాళ్లను చూశాకే లా చదవాలని నిశ్చయించుకున్నారు. కానీ అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు! ఇంగ్లీషు చదువు వద్దని చిన్నప్పుడే బడి మానేశారు. ఇరవై దాటాక బెనారస్ ద్వారా ప్రైవేటుగా మెట్రిక్ కట్టారు.

మన హాస్టల్ పిల్లలకు బాగా నచ్చే సంగతి ఇప్పుడు వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. చేరబోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వలేమని వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు అన్నారట. ఆమె తిరిగి ఇంటికి పోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రమ్మని పేపర్లో ప్రకటన వేయించి, పదిమందిని పోగుచేసి, తామే ఒక హాస్టల్ నడిపించుకున్నారు. మనకు కట్టించి ఇచ్చిన హాస్టల్లో కూర్చుని సాంబారు నీళ్లగా ఉందని గొడవ చేస్తాం. ఆమె హాస్టల్ కట్టుకుని సీటు తెచ్చుకున్నారు. తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి 1942లో మద్రాసు బారులో లాయరుగా చేరారు.

అంతకు ఒక ఏడాది ముందు, 1941లో, సుబ్బారావు గారు చనిపోయారు. ఆయన రెండో భార్య దిక్కులేనిది అయింది. దుర్గాబాయి గారు ఆమెను ఆంధ్ర మహిళా సభకు తీసుకొచ్చి చేతిపని శిక్షణ ఇప్పించి, సొంతంగా బతికేలా చూశారు. ఏ చట్టమూ ఆమె మీద ఆ బాధ్యత పెట్టలేదు. పెళ్లిలో హక్కులుంటాయి, బాధ్యతలుంటాయి అని మనం పరీక్షల్లో రాస్తాం. బాధ్యత అన్నది భార్యాభర్తలు విడిపోయాక కూడా పోదని ఆమె చేసి చూపించారు.

1946లో ఆమె మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు వెళ్లారు. అదే కాలంలో డాక్టర్ అంబేద్కర్ గారు న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లు తెచ్చారు. ఒకే భార్య, ఒకే భర్త ఉండాలి, విడాకులకు హక్కుండాలి, కూతురికి ఆస్తిలో భాగముండాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. పెద్దపెద్ద నాయకులు అడ్డం పడ్డారు. బిల్లును బలపరిచినవారిలో దుర్గాబాయి గారు ఉన్నారు. బిల్లు ముందుకు కదలకపోవడంతో 1951లో అంబేద్కర్ గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. మనం ప్రతి ఏప్రిల్ 14న ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన పదవి వదులుకున్న కారణాల్లో మన అమ్మల, అక్కల పెళ్లి హక్కులు కూడా ఉన్నాయని ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి నెల్లూరోళ్లకు సంబంధించింది. ఢిల్లీలో బిల్లు నానుతుండగానే మద్రాసు ప్రభుత్వం 1949లో సొంతంగా చట్టం చేసి, హిందువులలో రెండో పెళ్లిని నిషేధించి విడాకులకు దారి ఇచ్చింది. అప్పుడు మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే దేశంలో చాలా చోట్లకంటే కొన్నేళ్లు ముందే మన ప్రాంతానికి విడాకుల హక్కు వచ్చింది.

1953 జనవరి 22న దుర్గాబాయి గారు అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆయనకు మొదటి భార్య చనిపోయారు. పందిరీ మేళాలూ లేని రిజిస్టరు పెళ్లి. సాక్షిగా సంతకం పెట్టినవారిలో ఒకరు ప్రధానమంత్రి నెహ్రూ, అంటే ముప్పై ఏళ్ల కిందట కాకినాడలో ఆమె గేటు దగ్గర ఆపిన మనిషి! మొదటి పెళ్లిలో ఆమెను ఎవరూ అడగలేదు. రెండో పెళ్లికి ఆమె తన సంతకం తానే పెట్టారు.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. 1976లో దానికి చేర్చిన ఒక సెక్షను చదివితే దుర్గాబాయి గారి కోసమే రాశారా అనిపిస్తుంది. పదిహేనేళ్లు నిండకముందు పెళ్లయిన అమ్మాయి, పదిహేను దాటాక పద్దెనిమిది నిండేలోపు ఆ పెళ్లి నాకు వద్దు అని తోసిపుచ్చితే, కాపురం జరిగినా జరగకపోయినా, ఆ కారణం మీదే విడాకులు అడగవచ్చు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ఇంకొంచెం ముందుకు పోయింది. పద్దెనిమిది నిండకుండా పెళ్లయిన అమ్మాయి తనకు ఇరవై నిండేలోపు జిల్లా కోర్టులో అర్జీ పెట్టి ఆ పెళ్లినే రద్దు చేయించుకోవచ్చు. మళ్లీ పెళ్లయ్యేదాకా ఆమెకు మనోవర్తి ఇప్పించే అధికారం కోర్టుకుంది. పిల్లలు పుట్టి ఉంటే వాళ్లు చట్టబద్ధమైన సంతానమే. వేసవి సెలవులకు ఇంటికి పోయి తిరిగి హాస్టల్‌కు రాని అమ్మాయిలు మనకు తెలుసు. పెళ్లయిపోయింది, ఇక చేసేదేముంది అనుకుంటారు. చేసేది ఉంది.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకని మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదవమని నా దగ్గరికే తెస్తారు. వాటిలో నేను ఎక్కువగా చూసింది స్టాంపు పేపరు విడాకులు. పెద్దమనుషులు కూర్చుని, ఇంత డబ్బు ఇచ్చాము, ఇక ఒకరికొకరు సంబంధం లేదు అని రాయించి వేలిముద్రలు వేయిస్తారు. ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. ఆ కులంలో అనాదిగా అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితేనే అది నిలుస్తుంది. లేకపోతే దాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, నేరం కూడా అవుతుంది. రెండో పెళ్లి చేసుకున్న అమ్మాయికి ఏ పాపం తెలియకపోయినా భార్య హోదా రాదు. ఇద్దరికీ ఇష్టమైతే కోర్టులోనే సులువైన దారి ఉంది. ఏడాది వేరుగా ఉన్నాక ఇద్దరూ కలిసి అర్జీ వేయాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి చెప్పాలి. ఆ ఆరు నెలలను కూడా తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందరికీ ఒకే చట్టం కాదు. చర్చిలో పెళ్లి చేసుకునే క్రైస్తవ కుటుంబాలకు 1869 నాటి చట్టం వర్తిస్తుంది. 2001లో సవరించేదాకా అందులో భర్తకు ఒక న్యాయం, భార్యకు ఒక న్యాయం ఉండేవి. మన జిల్లాలో ఎక్కువగా ఉన్న యానాదుల వంటి షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం దానంతటది వర్తించదు, వాళ్ల ఆచారమే చూస్తారు. మనోవర్తి సంగతి మాత్రం కులమతాలతో పనిలేనిది. తనను తాను పోషించుకోలేని భార్యను, పిల్లలను, తల్లిదండ్రులను స్తోమత ఉండీ చూడనివాడి మీద ఎవరైనా మేజిస్ట్రేటు దగ్గర అర్జీ వేయవచ్చు. విడాకులైన భార్య కూడా మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు అడగవచ్చు.

1953లోనే దుర్గాబాయి గారు చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చారు. దొంగతనం కేసు, పొలం గట్టు కేసు నడిచే చోటే మొగుడూపెళ్లాల తగాదా కూడా నడపడం సరికాదని, దీనికి వేరే కోర్టులు కావాలని నెహ్రూ గారికీ, పెద్ద న్యాయమూర్తులకూ చెప్పారు. ఎవరూ వెంటనే కదలలేదు. ఆమె ఆ మధ్యలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలిగా, స్త్రీ విద్య జాతీయ కమిటీకి అధ్యక్షురాలిగా పనిచేశారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో, ఆమె పోయిన మూడేళ్లకు వచ్చింది.

ఆ చట్టం ప్రకారం జడ్జి ముందు ఇద్దరినీ రాజీకి ప్రయత్నం చేయాలి. గోప్యంగా విచారించమని ఇద్దరిలో ఎవరు కోరినా అలాగే జరపాలి. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా కోర్టులో వేసుకోవచ్చు. లాయరుకు డబ్బు లేదన్న భయం అక్కర్లేదు. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మన సంగం వాళ్లు నెల్లూరు బస్సెక్కి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. పోలేనివాళ్లు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. బాల్యవివాహం ఆపాలంటే 1098.