చేయి చాచని ముల్లర్

పోయిన సంవత్సరం ఫీజు కట్టే రోజుల్లో నాకూ మా నాన్నగారికీ పెద్ద వాదనే జరిగింది. ఆయన యానాం దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. జీతం లేదు, కానుకల సంచీలో ఏది పడితే అదే. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క మాట చెబితే ఎవరో ఒకరు సర్దుతారు కదా అని నా పట్టు. ఆయన చెప్పలేదు. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆ కోపంలోనే, నాన్నగారు మాటిమాటికీ తలుచుకునే జార్జి ముల్లర్ జీవితం చదివాను. నిజం చెప్పాలంటే తప్పు పట్టడానికే చదివాను.

ముల్లర్ 1805లో ప్రష్యాలో పుట్టాడు. చిన్నతనం ఏమంత చెప్పుకోదగ్గది కాదు. తండ్రి పన్నుల ఉద్యోగి. ఆయన దగ్గరుండే సర్కారు డబ్బులోంచే కొడుకు దొంగిలించేవాడు. పదహారేళ్లకే సత్రాల్లో తిని, బిల్లులు ఎగ్గొట్టి జైలుకు వెళ్లాడు. 1825లో హాలేలో చదువుకుంటూ ఎవరింట్లోనో జరిగే ప్రార్థన కూటానికి వెళ్లాడు. మనిషి మారింది అక్కడే.

తర్వాత ఇంగ్లండు వెళ్లి పాస్టరయ్యారు. 1830లో మేరీ గ్రోవ్స్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే నెలలో జీతం మానేశారు. అప్పట్లో గుడి బల్లలకు అద్దె ఉండేది, ఆ డబ్బే పాస్టరు జీతం. డబ్బున్నవాళ్లకు మంచి చోటు, లేనివాళ్లకు వెనక చోటు. అది ఆయనకు సహించలేదు. గుడిలో ఒక పెట్టె పెట్టించారు, ఇష్టమైనవాళ్లు వేస్తారని. ఈ మేరీగారి అన్న ఆంథొనీ గ్రోవ్స్ మనకు దూరం మనిషి కాదండోయ్. 1836లో ఆయన ఇండియాకు వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ దంపతులే తర్వాత నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు.

అదే 1836లో ముల్లర్ బ్రిస్టల్‌లో అనాథల ఇల్లు తెరిచారు. మొదటి ఇల్లు ఆడపిల్లలకే. డబ్బు కోసం, ఇంటి కోసం, పనివాళ్ల కోసం ప్రార్థించారట. తీరా దరఖాస్తులు తీసుకునే రోజు ఒక్కరూ రాలేదు. పిల్లలు రావాలని ప్రార్థించడం మర్చిపోయారు! ఇది చదివి నవ్వాను, నా కోపం కూడా కొంచెం తగ్గింది.

నా అసలు అనుమానం ఇంకొకటి. ఆయన ఎవరినీ డబ్బు అడగలేదంటారు, కానీ ఏటా లెక్కలతో రిపోర్టు అచ్చు వేసేవారు. అది అడగడం కాదా? అయితే 1841 చివర్లో చేతిలో ఏమీ లేని సమయంలో, రిపోర్టు వేస్తే అడుక్కున్నట్టు ఉంటుందని దాన్ని కొన్ని నెలలు వాయిదా వేశారు. నా వాదన అక్కడ వీగిపోయింది. అప్పు కూడా చేసేవారు కాదు, ఆ మాట నాన్నగారికి వినిపించాను.

ఇంకొకటి మాత్రం నన్ను వదల్లేదు. డబ్బు లేని రోజుల్లో ఆ ఇంట్లో పనిచేసేవాళ్లు తమ సొంత డబ్బు వేసి, సొంత వస్తువులు అమ్మి పిల్లలకు అన్నం పెట్టారు. విశ్వాసం అంటే ముల్లర్ పేరే చెబుతారు, వాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? మేరీగారు ఏమనుకున్నారో కూడా తెలుసుకోవాలనిపించింది.

1870 నాటికి యాష్లీ డౌన్‌లో అయిదు పెద్ద భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు. డెబ్భయ్యో ఏట ప్రయాణాలు మొదలుపెట్టి దేశదేశాలూ తిరిగారు, ఇండియాకూ వచ్చారు. జీవితం మొత్తం మీద ఆయన చేతుల మీదుగా సుమారు 15 లక్షల పౌండ్లు నడిచాయి. చిన్న నాణెం ఇచ్చినవాళ్లకు కూడా రసీదు వెళ్లేది. 1898 మార్చి 10న, 92 ఏళ్ల వయసులో పోయేనాటికి సామానుతో కలిపి ఆయనకు మిగిలింది దాదాపు 160 పౌండ్లు.

అమ్మ గాజులు ఈ సంక్రాంతికి విడిపించాం. నాన్నగారు ఇప్పటికీ ఎవరినీ అడగరు. కానుకల లెక్క మాత్రం ఇప్పుడు నోటు పుస్తకంలో నేను రాస్తున్నాను, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి వచ్చాక.