బహుక్రీడావిశారదుడు హాదీ

ఇరువది యేండ్లు దాటిన యువకుడు తాను చిన్ననాటినుండి అభ్యసించిన ఆటను విడిచి వేరొక ఆటను చేపట్టినచో, మన పెద్దలు వానిని నిలకడలేనివాడని నిందింతురు. రెండు పడవలపై కాళ్ళు పెట్టువాడు మునుగునని హెచ్చరింతురు. ఈ నింద యెల్లప్పుడును న్యాయము కాదని తన జీవితముచే నిరూపించిన క్రీడాకారుడు హైదరాబాదున జన్మించెను. ఆయనయే సయ్యద్ మహమ్మద్ హాదీ.

వికారాబాదు, తాండూరు వాసులకు ఆయన చరిత్రము పరాయిది కాదు. వికారాబాదు పట్టణము పాయిగా ప్రభువగు వికారుల్ ఉమరా పేరిట వెలసినది. ఆ పాయిగా కుటుంబములకే చెందిన నవాబు మొయినుద్దౌలా గృహమున హాదీ పెరిగెను. 1874లో ప్రారంభమైన నిజాము రైలుమార్గము ఈ రెండు ఊళ్ళగుండ సాగి వాడి కూడలిని చేరును. హైదరాబాదునుండి బొంబాయికి, అచ్చటినుండి ఓడపై సీమకు చదువులకై పోవువారికి ఆ కాలమున ఇదియే ప్రధానమార్గము.

హాదీ 1899 ఆగస్టు 12వ తేదీన జన్మించెను. తండ్రి నిజాము సైన్యమున కాప్టెను. ఆయన టెన్నిస్ ఆటయందును పేరు గాంచినవాడు. బిడ్డకు రెండేండ్లప్పుడే ఆయన గతించెను. తండ్రిలేని బాలుడు నవాబు ఆశ్రయమున గుఱ్ఱపుస్వారియు, పోలో ఆటయు నేర్చెను. పిదప కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివెను. టెన్నిస్, క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగము అను ఏడు ఆటలయందును నేర్పరియగుటచే, ఇంద్రధనుస్సునందలి ఏడు రంగులను తలచి జనులు ఆయనను రెయిన్‌బో హాదీ యని పిలిచిరి.

యౌవనమున ఆయనకు కీర్తి తెచ్చినది టెన్నిస్. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆయన భారతదేశము పక్షమున ఆడెను. డేవిస్ కప్ పోటీలందును మన దేశమునకు ప్రాతినిధ్యము వహించెను. పరపాలనలోనున్న దేశమునకు తన పేరిట పదిమంది యెదుట నిలుచు తావులు నాడు మిక్కిలి కొలదిగా నుండెను. అందొకదానియందు ఒక హైదరాబాదీ నిలిచెను. అయితే పారిస్ పోటీల తరువాత ఒలింపిక్స్‌నుండి టెన్నిస్ తొలగింపబడెను. పతకక్రీడగా అది మరల వచ్చుట 1988లో మాత్రమే.

స్వదేశమున హాదీ క్రికెట్‌కు మరలెను. 1930-31లో మొయినుద్దౌలా పేర స్వర్ణపాత్ర పోటీలు హైదరాబాదు ప్రాంతమున నెలకొల్పబడెను. అప్పటికి హాదీకి ముప్పది యేండ్లు నిండినవి. టెన్నిస్ ఆడినవానికి బంతిపై నిలుచు చూపు, పాదముల చురుకు, మణికట్టు బలము ముందే అలవడియుండును. ఇవి క్రికెట్‌లోను పనికివచ్చును. కాని ఒక భేదమున్నది. టెన్నిస్‌లో ఒక తప్పునకు ఒక పాయింటు మాత్రమే పోవును. మరుబంతికి దానిని సరిదిద్దుకొనవచ్చును. క్రికెట్‌లో బ్యాటు పట్టినవాని ఆట ఒక్క తప్పుతోనే ముగియవచ్చును. కావున ఆట మార్చుకొన్నవాడు చేతినేర్పును వెంట తెచ్చుకొన్నను, ఓర్పును క్రొత్తగా నేర్చుకొనవలెను.

హాదీ ఆ ఓర్పును నేర్చెను. రంజీ ట్రోఫీ మొదటి సంవత్సరమగు 1934-35లో సికిందరాబాదున మద్రాసు జట్టుపై ఆయన 132 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. ఆ పోటీల చరిత్రలో అదియే మొదటి శతకము. అప్పటికాయన వయస్సు ముప్పదియైదు.

1936లో విజయనగర మహారాజకుమారుని నాయకత్వమున ఇంగ్లండునకు పోయిన భారత బృందముతో హాదీయు వెళ్ళెను. మన తెలుగువాడగు సి.కె. నాయుడును అందుండెను. టెస్టు పోటీలో ఆడు భాగ్యము మాత్రము హాదీకి లభింపలేదు. ఆలస్యముగా ఆట మార్చినవానికి కాలము అన్ని వరముల నీయదు. ఇది దాచదగిన సత్యము కాదు. అయినను, మొదటి శతకము పేరు నేటికిని ఆయనదే. 1971లో ఆయన పరమపదించెను.

హాదీ వెనుక నవాబు గృహముండెను. గుఱ్ఱము, మైదానము, సీమచదువు ఉండెను. తాండూరు రాతిగనులలో పనిచేయువాని కుమారునకు, వికారాబాదు మెట్టరైతు కుమారునకు అవి యెక్కడివి? రాజాశ్రయము పోయిన దేశమున ప్రజాశ్రయము దాని స్థానమున నిలువవలెను. భూమిగలవారు పాఠశాల ప్రక్కన చదునైన యెకరమొకటి ఆటలకై విడిచినచో, ఒక ఆట కుదరని బాలుడు వేరొక ఆటను పరీక్షించుకొన వీలుండును. కుమారుడు ఆట మార్చెదనన్నప్పుడు తండ్రి అడుగవలసిన ప్రశ్న యొకటియే: మొదటి ఆటను శ్రద్ధగా నేర్చెనా, లేదా? శ్రద్ధగా నేర్చినవాడు మార్చినది ఆటనేగాని అభ్యాసమును కాదు.