పేదవాడి వైద్యానికి శాసనం రాసిన సుల్తాన్

దానం ఇచ్చేవాడి దయ మీద ఆధారపడుతుంది. హక్కు అలా కాదు, అది శాసనం మీద నిలబడుతుంది. ఈ తేడా గ్రహించిన పాలకుడు ఈజిప్టు సుల్తాన్ మన్సూర్ ఖలావూన్. ఆయన జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

ఖలావూన్ పుట్టుకతో రాజు కాదు. కిప్చాక్ తురుష్కుల బిడ్డ. బానిసగా అమ్ముడుపోయి ఈజిప్టు చేరాడు. వెయ్యి దీనార్లకు కొన్నందున ఆయనకు అల్ఫీ అనే పేరు వచ్చింది. సైన్యంలో అంచెలంచెలుగా ఎదిగి 1279లో సింహాసనమెక్కాడు.

అమీరుగా ఉన్న రోజుల్లో డమాస్కస్‌లో ఆయనకు తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. 1154లో నూరుద్దీన్ జంగీ నెలకొల్పిన ఆసుపత్రి నుంచి తెచ్చిన మందులతో నయమైంది. తాను రాజైతే అలాంటి ఆసుపత్రి కట్టిస్తానని అప్పుడే మొక్కుకున్నాడు. 1284లో కైరో నడిబొడ్డున ఆ మొక్కు తీర్చుకున్నాడు.

కట్టడం కన్నా గొప్పది ఆయన రాయించిన వక్ఫ్‌నామా. దుకాణాలు, ఇతర ఆస్తులు ఆసుపత్రి పేర వక్ఫ్ చేశాడు. వాటి ఆదాయం ఏటా సుమారు పది లక్షల దిర్హములని చరిత్రకారులు రాశారు. షరీఅత్ ప్రకారం వక్ఫ్ ఆస్తిని అమ్మకూడదు, వారసులు పంచుకోకూడదు. రాబడిని దాత విధించిన షరతుల ప్రకారమే ఖర్చు చేయాలి. అంటే సుల్తాన్ గతించినా రోగికి మందు ఆగకూడదు.

ఆ షరతులు చూడండి. రాజు-సేవకుడు, స్వతంత్రుడు-బానిస, స్త్రీ-పురుషుడు అనే భేదం లేకుండా అందరికీ వైద్యం. జ్వరాలకు, కంటి జబ్బులకు, శస్త్రచికిత్సకు, విరేచనాలకు వేర్వేరు విభాగాలు. స్త్రీలకు ప్రత్యేక వసతి. నయమయ్యేదాకా ఉండవచ్చు. ఇంట్లో పడి ఉన్న పేద రోగికీ మందు, ఆహారం పంపాలి. మరణించినవారికి కఫన్ ఖర్చు కూడా ఆసుపత్రిదే.

అయితే మరో సంగతి దాచడం న్యాయం కాదు. ఈ కట్టడం కోసం అక్కడి భవనంలో ఉన్నవారిని ఖాళీ చేయించారు, దారినపోయే వారిచేత వెట్టిచాకిరీ చేయించారు. అందుకే అక్కడ నమాజు చేయడానికి కొందరు ధర్మవేత్తలు వెనుకాడారు. మంచి పనికి కూడా మార్గం మంచిదై ఉండాలని వారు గుర్తుచేశారు.

ఖలావూన్ 1290లో మరణించాడు. ఆయన సమాధి ఆ సముదాయంలోనే ఉంది. ఆసుపత్రి మాత్రం శతాబ్దాల పాటు నడిచింది. 1798లో ఫ్రెంచివారు కైరో చేరేనాటికి క్షీణదశలో ఉంది. 20వ శతాబ్దిలో ఆ ఆవరణలోనే కంటి ఆసుపత్రి వెలసింది.

శాసనం ఎంత గట్టిదైనా దాన్ని కాపాడే చేతులు నిజాయితీగా ఉండాలి. వక్ఫ్ ఆస్తి ఒక్క గజం అన్యాక్రాంతమైనా ఎక్కడో ఒక పేదరోగి మందు ఆగిపోతుంది. ఈ మాట ముతవల్లీలే కాదు, మనమందరం గుర్తుంచుకోవాలి.