అణా తరిగిన కరువులో సావిత్రీబాయి

సావిత్రీబాయి ఫులేను మనం బాలికలకు చదువు చెప్పిన గురువుగా స్మరిస్తాం. 1876-77 నాటి కరువులో ఆమె నిలబడిన తీరు అంతగా చర్చకు రాదు.

సతారా జిల్లా నాయగావ్‌లో 1831 జనవరి 3న మాలి కులంలో పుట్టిన ఆమెకు తొమ్మిదో ఏట జోతీరావుతో వివాహమైంది. భర్త వద్ద అక్షరాలు దిద్ది, 1848లో పుణేలోని భిడేవాడలో బాలికలకు బోధించారు. 1873లో ఏర్పడిన సత్యశోధక సమాజంలో క్రియాశీలంగా పనిచేశారు.

మూడేళ్లకు దక్కన్‌ను కరువు కమ్మింది. కర్నూలు, బళ్లారి, కడప ప్రాంతాల్లోనూ లక్షల ప్రాణాలను పొట్టనబెట్టుకున్నది ఆ కరువే. గింజల ధర మండిపోతున్నా ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని కుదించాడు: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిపై ఒక అణా. ధాన్యం ఖరీదు బజారును బట్టి మారేది. అణా మారేది కాదు. ఉప్పు, పప్పు, కూర, వంటచెరకు అన్నీ ఆ అణాలోనే. ధరలు పెరిగినకొద్దీ దాని విలువ తరిగింది. బొంబాయి ప్రెసిడెన్సీలో కూలీలు పనులు మానేసి నిరసించారు.

ఆ ఏప్రిల్‌లో జున్నర్ ప్రాంతపు ఓతూరు నుంచి సావిత్రీబాయి భర్తకు లేఖ రాశారు. ఎండిన నేల, ఊళ్లు విడుస్తున్న జనం, వడ్డీ వ్యాపారుల దోపిడీ అందులో కనిపిస్తాయి. నిర్బంధించిన సత్యశోధకులను కలెక్టరుతో మాట్లాడి విడిపించిన సంగతీ, నాలుగు బండ్ల జొన్నలు మంజూరైన సంగతీ ఆ లేఖే చెబుతుంది. పుణే సమీపాన ధన్‌కవడీలో వెలసిన విక్టోరియా బాలాశ్రమం కరువు పిల్లలకు వండి పెట్టింది. ధర పెరిగితే ఆ భారం అక్కడ పెట్టేవారిది, తినేవారిది కాదు.

1890లో జోతీరావు మరణించాక సమాజాన్ని ఆమె ముందుండి నడిపించారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే వ్యాధి సోకి 1897 మార్చి 10న కన్నుమూశారు.

నేటి మధ్యాహ్న భోజనంలో బియ్యం తూకంలో వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలకు తలకింతని రూపాయలిస్తారు. బజారు రోజూ మారుతుంది, ఆ మొత్తం ఉత్తర్వు వచ్చేదాకా మారదు. ఆ పళ్లెం ముందు కూర్చునేవారిలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు. పప్పు పలచబడితే ఆ లోటు చేరేది వారి ఒంట్లోకే. సావిత్రీబాయి జయంతిని జరిపే ప్రభుత్వాలు ముందుగా ఆ రూపాయలను ధరల సూచీతో ముడిపెట్టాలి.