యుద్ధకాలపు స్తుతిగానము – హైన్రిక్ షూట్జ్ జీవితము



సంఘ సంగీతమనగానే మనలో చాలమందికి జర్మనీ దేశస్థుడైన బాక్ గారు జ్ఞాపకము వస్తారు. ఆయన పుట్టుటకు సరిగా నూరేండ్ల ముందు, 1585లో, అదే దేశములో జన్మించిన మరియొక సంగీత సేవకుని గూర్చి మనము వినుట అరుదు. ఆయన పేరు హైన్రిక్ షూట్జ్.

షూట్జ్ గారు తురింగియా ప్రాంతములోని కోస్ట్రిట్జ్‌లో, సత్రము నడుపు కుటుంబములో పుట్టారు. తరువాత ఆ కుటుంబము వైసెన్‌ఫెల్స్ పట్టణమునకు చేరింది. 1598లో హెస్సే-కాసెల్ ప్రభువైన మోరిట్జ్ ఆ సత్రములో బస చేసి, ఈ బాలుని పాట విని, తన ఆస్థానమునకు పంపుమని అడిగారు. తల్లిదండ్రులు మొదట వెనుకాడినా, మరుసటి యేడు పంపారు. అక్కడ పాడుతూ చదువుకొని, పిమ్మట మార్బుర్గ్‌లో న్యాయశాస్త్రములో ప్రవేశించారు. అయితే 1609లో ఆ ప్రభువే ఖర్చు భరించి, వెనిస్ నగరములో జొవాన్నీ గాబ్రియేలి అను గొప్ప విద్వాంసుని యొద్దకు పంపారు. 1612లో గురువు మరణించువరకు షూట్జ్ గారు ఆయన శిష్యుడే.

స్వదేశము చేరిన తరువాత, డ్రెస్డెన్‌లో సాక్సనీ పాలకుని ఆస్థాన సంగీత బాధ్యత ఆయనకు లభించింది. 1619లో దావీదు కీర్తనలకు కూర్చిన సంగీతమును ప్రచురించారు. అనేక స్వరములు, వేరువేరు గాయక బృందములు, వాద్యములు కలసి మ్రోగు సంగీతమది. ఆ యేడే మాగ్దలేనా అను యువతితో వివాహమైంది. ఆరేండ్లకే, 1625లో, ఇద్దరు చిన్న కుమార్తెలను విడిచి ఆమె కన్నుమూసింది. ఆయన మరల పెండ్లి చేసుకొనలేదు. ఆ దుఃఖములో ఛందోబద్ధమైన కీర్తనలకు రాగములు కట్టుటలో ఆదరణ పొందారు. అవి 1628లో అచ్చయినవి.

ఇంతలో 1618లో మొదలైన ముప్పది సంవత్సరముల యుద్ధము 1631లో సాక్సనీని చుట్టుకొన్నది. ఖజానాలోని ధనము సైన్యమునకు పోయింది. క్వయరువారికి జీతములు నిలిచిపోయినవి. మ్రోగించువారు, పాడువారు చెదరిపోయారు. ఆయన రెండు పర్యాయములు డెన్మార్క్ రాజు నొద్దకు పనికి పోవలసి వచ్చింది. ఒక గాయకుడు బట్టలు తాకట్టు పెట్టుకొన్న దుస్థితిని గూర్చి కూడ ఆయన వ్రాశారు. తన చేతి డబ్బుతో కూడ తనవారిని ఆదుకొన్నారు.

ఇట్టి దినములలో మరియొకరైతే, యుద్ధము ముగిసిన పిమ్మట చూతమని కలము ప్రక్కన పెట్టేవారేమో. షూట్జ్ గారు అలా చేయలేదు. మిగిలిన కొద్దిమందిని చూచి, వారికి తగినట్టు వ్రాశారు. 1636లోను, 1639లోను ప్రచురించిన చిన్న సంగీత కృతులు ఒకరు మొదలు అయిదుగురు పాడుటకు చాలును. తోడుగా ఆర్గన్ ఉంటే సరి. పాడువారు తగ్గినా వాక్యము తగ్గలేదు. ప్రతి మాట వినువారి చెవికి స్పష్టముగా చేరునట్లు స్వరములు కూర్చారు. ఆ 1636లోనే, బ్రతికియుండగానే తన శవపేటికపై లేఖన వాక్యములు చెక్కించుకొన్న హైన్రిక్ రాయిస్ ప్రభువు సమాధి ఆరాధనకు, ఆ వాక్యములతోనే సంగీతము కట్టారు.

1638లో పెద్ద కుమార్తె, 1655లో రెండవ కుమార్తె ఆయనకంటె ముందే మరణించారు. వృద్ధుడనైతిని, విశ్రాంతి నిమ్మని 1651లో వేడుకొన్నా, పాలకుడు 1656లో మరణించువరకు అది దొరకలేదు. అయినను ఎనుబదేండ్ల ప్రాయములో మత్తయి, లూకా, యోహాను సువార్తల శ్రమల చరిత్రలను వాద్యములు లేక కంఠములతోనే పాడునట్లు కూర్చారు. చివరిగా 176 వచనముల 119వ కీర్తన నంతటిని రెండు గాయక బృందములకు స్వరపరచారు. 1672 నవంబరు 6న, 87వ యేట, డ్రెస్డెన్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆయనను పాతిపెట్టిన దేవాలయమును 1727లో కూల్చివేయగా సమాధి ఆనవాలు కూడ పోయింది. ఆయన పాటలు మాత్రము నేటికిని పాడబడుచున్నవి.

నూరేండ్ల పండుగ చేసుకొను మనకు ఈ జీవితము ఒక ప్రశ్న వేస్తున్నది. మా గుడిలో వాద్యములు లేవు, పాడువారు నలుగురే అని ఎన్ని ఆదివారములు మనము మౌనముగా గడిపితిమి? తన సమాధి ఆరాధనలో పాడుటకు 119వ కీర్తనలోని 54వ వచనమునకు సంగీతము కట్టుమని షూట్జ్ గారు తన శిష్యుని ముందుగానే కోరియుండిరి. నేడు ఇంటికి వెళ్ళి, ఆ వచనము తెరచి, కుటుంబముతో చదువుడి. ఉన్న నలుగురితోనే స్తుతి ఆరంభించు కృప ప్రభువు మనకు దయచేయును గాక.